అయిదు గజాల దూరం

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట తొలి రూపంలో కత్తి పట్టినవాళ్ల దెబ్బ అయిదు గజాల్లోపు ఉన్న శత్రువుకే తగులుతుంది. మంత్రం వేసే మేజ్ మంచుముక్క ముప్పై గజాల అవతలికి పోతుంది. గాయాలు మాన్పే ప్రీస్ట్ నలభై గజాల దూరం నుంచి కూడా ప్రాణం నిలబెట్టగలడు. ఆట తెరిచి, పేరు పెట్టుకుని, మొహం దిద్దుకుని, ‘ఏ క్లాసు?’, అంటే ఏ రకం పాత్ర, అన్న చోట ఆగిన కొత్తవాళ్లకి ఈ అంకెలేవీ కనిపించవు. కవచాలు కనిపిస్తాయి, రంగులు కనిపిస్తాయి, అరచేతుల్లో మంటలు కనిపిస్తాయి. అక్కడ తేల్చుకోవలసింది మాత్రం ఒక్కటే: ప్రమాదానికి ఎంత దూరంలో నిలబడతావు? ఈ ప్రశ్న ఆటతో అయిపోయేది కాదని నాకు చాలా ఏళ్లుగా అనిపిస్తోంది.

మా అక్క కూతురు ఒహాయోలో చదువుకుంటోంది. కాలేజీ స్నేహితులతో కలిసి ఈ ఆట మొదలుపెట్టబోతూ నాకు ఫోన్ చేసింది. “పిన్నీ, వీళ్లంతా నన్ను హీలర్ తీసుకోమంటున్నారు. నాకేమో కత్తి పట్టుకోవాలనుంది. మెలీ చాలా కష్టం, నీవల్ల కాదంటున్నారు. ఏం చెయ్యను?” అంది. హీలర్ అంటే గాయాలు మాన్పేవాళ్లు, మెలీ అంటే దగ్గరికెళ్లి కొట్టడం. కత్తే పట్టుకోమ్మా అని ఒక్క ముక్కలో చెప్పేశాను. ఎందుకో చెప్పడానికి ఫోన్ చాల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

క్లాసు అనే ఈ ఏర్పాటు పుట్టింది అమెరికాలోనే, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో. అక్కడివాడైన గ్యారీ గైగాక్స్ అంతకుముందు బీమా ఉద్యోగం చేశాడు. మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ తోడయ్యాడు. ఇద్దరి చేతుల మీదుగా 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, మొదటి విడత 1000 పెట్టెలు. అందులో క్లాసులు మూడే: పోరాడేవాడు, మంత్రాలు వేసేవాడు, పూజారి. దొంగ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. పోరాడేవాడు రెండో మెట్టు ఎక్కడానికి 2000 పాయింట్లు చాలు. మంత్రగాడికి 2500 కావాలి. పైగా మొదటి మెట్టు మీద మంత్రగాడికి రోజు మొత్తానికి ఒక్కటే మంత్రం. అది కాస్తా వేసేశాక అతన్ని ఎవరో ఒకరు కాచుకోవాలి. ఆ ఎవరో ఒకరు కత్తి పట్టినవాడే. పైమెట్లకి వెళ్లేసరికి తూకం తిరగబడుతుంది. మంత్రగాడు గదినిండా నిప్పులు కురిపిస్తుంటాడు, కత్తి పట్టినవాడు ఇంకా ఒక్కొక్క దెబ్బే కొడుతుంటాడు. తొలిరోజుల్లో ఎవరి చాటున బతికాడో వాళ్లనే చివరికి మించిపోతాడన్నమాట. కాగితం మీద మొదలైన ఈ అన్యాయం కంప్యూటర్ ఆటల్లోకీ వచ్చింది. తయారుచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ సరిదిద్దుతూనే ఉన్నారు.

1999 మార్చిలో కంప్యూటర్ మీద ఆడే ఎవర్‌క్వెస్ట్ వచ్చింది. అందులో వారియర్ ఒంటరిగా తిరిగి బతకడం గగనం, వెనక గాయాలు మాన్పే క్లెరిక్ ఉండి తీరాలి. 2004 నవంబరు 23న కాలిఫోర్నియాలోని అర్వైన్ నుంచి బ్లిజర్డ్ సంస్థ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదల చేసింది. మొదట తొమ్మిది క్లాసులు. 2010 అక్టోబరుకి నెలనెలా డబ్బు కట్టి ఆడేవాళ్లు 1.2 కోట్లమంది అయ్యారు. నేను ఆ ఆట తొలిరోజుల్లో చేరినదాన్ని. అప్పట్లో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. అపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లు నిద్రపోయాక హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఏ క్లాసు అన్న దగ్గర నేనసలు ఆగలేదు. మా అమ్మ విఠలాచార్య జానపద సినిమాల పిచ్చిలో పెరిగింది. కాంతారావు కత్తి దూస్తే తెనాలి హాల్లో ఈలలు ఎలా మోగేవో చెబుతూ నాకు అన్నం పెట్టేది. రాకుమారుడు దూరం నుంచి బాణం వేస్తే అంత ఈల పడేది కాదట. మెట్ల మీద నుంచి దూకి, రాక్షసుడి ఎదటికి వెళ్లి, కత్తికి కత్తి తగిలించినప్పుడే హాలు లేచేదట. నేను వారియర్ తీసుకున్నాను.

తీసుకున్నాక తెలిసింది అందులో ఎంత ఆలోచన ఉందో.

ఆట తొలి రూపంలో శక్తి మూడు రకాలు. మంత్రాలు వేసేవాళ్లది మానా. పోరు మొదలయ్యేసరికి నిండుగా ఉంటుంది, వాడుతుంటే తరుగుతుంది. చాటుగా వచ్చి పొడిచే రోగ్‌ది ఎనర్జీ. నూరుంటుంది, ఖర్చయితే రెండు సెకన్లకి ఇరవై చొప్పున దానంతట అదే నిండుతుంది. వారియర్‌ది రేజ్. అది సున్నా దగ్గర మొదలవుతుంది. నువ్వు కొడితే కొంత వస్తుంది, నీకు దెబ్బ తగిలితే కొంత వస్తుంది. పోరు ముగియగానే కారిపోయి మళ్లీ సున్నా అవుతుంది. మేజ్ ఖర్చుపెడుతూ వెళ్తాడు, రోగ్ ఓపిక పడుతూ వెళ్తాడు. వారియర్ ఉత్త చేతులతో దిగి, తిన్న దెబ్బల్లోంచే తన బలం తీసుకుంటాడు. నిన్నటి ఉగ్రం ఇవాళ్టికి పనికిరాదు. ఇవాళ్టిది రేపటికి దాచుకోవడానికి లేదు.

ఈ లెక్క కట్టినవాళ్లు మనుషుల్ని దగ్గరగా చూసినవాళ్లని నా నమ్మకం. కొందరు చదువు, డబ్బు, పెద్దల అండ నిండుగా పెట్టుకుని జీవితంలోకి దిగుతారు. అవి ఎంతకాలం వస్తాయా అని చూసుకుంటూ బతుకుతారు. కొందరికి మొదట ఏమీ ఉండదు, ముందు దెబ్బే తగులుతుంది. దానికి వాళ్లు కూలిపోతారని చూస్తుంటే, అక్కడినుంచే లేస్తారు. మా నాయనమ్మ అలాంటి మనిషి. ఇరవై ఏళ్లు నిండకుండానే భర్త పోతే, అప్పులవాళ్లు వాకిట్లో నిలబడితే, అప్పటిదాకా గడప దాటని మనిషి పొలం గట్టెక్కింది. ఆవిడకి ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందని ఊరంతా అడిగేది. నాకు వారియర్ ఆడాక జవాబు దొరికినట్టయింది.

వారియర్ మొదటి కదలిక ఛార్జ్. ఎనిమిది గజాలకు మించి, ఇరవై అయిదు గజాల్లోపు ఉన్న శత్రువు మీదికి ఒక్క ఊపున పరుగెత్తడం. పరుగెత్తినందుకే కొంత రేజ్ వస్తుంది. దగ్గరికి వెళ్లే ధైర్యానికి ముందుగా చేతిలో పెట్టే బయానా అది. విల్లు పట్టే హంటర్‌కి తొలి ఏళ్లలో ఇంకో చిత్రమైన ఇబ్బంది ఉండేది. బాణం పడాలంటే శత్రువు ఎనిమిది గజాల అవతల ఉండాలి. కత్తి తగలాలంటే అయిదు గజాల లోపల ఉండాలి. మధ్యలో మూడు గజాల మేర అతని చేతిలో ఏ ఆయుధమూ పనిచేసేది కాదు. 2007 చివర్లో దాన్ని తీసేశారు. ఆడేవాళ్లందరూ సంతోషించారు, నాకు మాత్రం అది ఉంటేనే బాగుండేదనిపించింది. పూర్తిగా దూరమూ కాక, పూర్తిగా దగ్గరా కాక నిలబడితే ఎవరికీ ఏ సాయమూ చెయ్యలేమన్నది ఆ మూడు గజాల్లో ఉంది.

ఇక ట్యాంక్ సంగతి. అయిదుగురి జట్టులో డాలు పట్టుకుని ముందు నిలబడేవాళ్లని అలా అంటారు. ట్యాంక్ పని శత్రువు చూపును తనమీదే కట్టిపడెయ్యడం. చంపే పని వెనక ఉన్నవాళ్లు చూసుకుంటారు. ప్రతి శత్రువు దగ్గరా ఒక లెక్క ఉంటుంది: ఎవరు నన్ను ఎంత బాధపెట్టారు, ఎవరు నా శత్రువుల గాయాలు మాన్పుతున్నారు. ఆ లెక్కలో పైనున్నవాళ్ల మీదికి వెళ్తాడు. ఇక్కడే నన్ను ఆశ్చర్యపరిచిన నియమం ఒకటుంది. దగ్గర నిలబడి కొట్టేవాళ్లు ఆ లెక్కలో ట్యాంక్‌ని పది శాతం దాటితే చాలు, శత్రువు వాళ్ల మీదికి తిరుగుతాడు. దూరం నుంచి కొట్టేవాళ్లకి ముప్పై శాతం దాటేదాకా వెసులుబాటు. చేసిన పని ఒకటే అయినా దగ్గరున్నవాళ్ల మీదే కోపం త్వరగా వస్తుంది.

ఇది చదివి మన ఇళ్లు గుర్తుకు రానివాళ్లు ఉంటారా? మా అమ్మ తెనాలిలో అన్నయ్యా వదినల దగ్గర ఉంటుంది. నేను డాలస్ పక్కన ప్లేనో నుంచి వారానికి రెండుసార్లు వీడియోలో కనిపిస్తాను. మందుల ఖర్చు పంపుతాను, డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడతాను, కొత్త మంచం ఆన్‌లైన్‌లో కొనిపెడతాను. ఇవన్నీ ముప్పై గజాల పనులు. అవసరమైనవే, కాదనను. కానీ రాత్రి రెండింటికి అమ్మ లేచి బాత్రూం దాకా వెళ్లాలంటే చెయ్యి పట్టుకునేది వదిన. ఉప్పు తగ్గించినందుకు పళ్లెం పక్కకి తోసేస్తే ఆ మాట పడేది వదిన. నేను ముప్పై మాటలు ఎక్కువ మాట్లాడినా అమ్మ నవ్వుతుంది. వదిన పది మాటలంటే ఆ రోజంతా అలక. అమ్మ మంచిదే, వదిన మంచిదే. నియమమే అలాంటిది. దూరంగా ఉన్నవాళ్ల మంచితనానికి వయసు రాదు. దగ్గరున్నవాళ్ల మంచితనం రోజూ అరిగి, రోజూ మళ్లీ పుట్టాలి. అమెరికాలో ఉన్న మనలో చాలామందిమి రేంజ్డ్ క్లాసు వాళ్లం, దూరం నుంచి కొట్టేవాళ్లం. మనం ఇంత దూరంలో నిలబడి బాణాలు వెయ్యగలుగుతున్నామంటే మధ్యలో ఎవరో డాలు పట్టుకుని నిలబడ్డారని అర్థం. మన దూరం వాళ్లు కొనిపెట్టింది.

మన కథల్లోనూ దూరానిదే పైచేయి. ద్రోణాచార్యుడి దగ్గర రాకుమారులు తలా ఒకటి ఎంచుకున్నారు. భీముడికీ దుర్యోధనుడికీ గద, నకుల సహదేవులకి కత్తి, ధర్మరాజుకి రథయుద్ధం. అర్జునుడు అన్నిటిలోనూ దిట్టే, విల్లులో మరీ మేటి. అయిదుగురు అన్నదమ్ముల్లో ముగ్గురు దగ్గర యుద్ధమే నేర్చారు. అయినా మన మనసులో నిలిచిన వీరుడు విలుకాడే. రాముడూ విలుకాడే. భీముడంటే తిండి గుర్తొస్తుంది మనకి, ఆయన గదని మెచ్చుకుంటూనే కాస్త నవ్వుకుంటాం.

విరాటపర్వంలో ద్రౌపది ఏం చేసిందో చూడండి. కీచకుడు వెంటపడి అవమానిస్తే ఆవిడ అర్ధరాత్రి వెళ్లింది వంటశాలలో ఉన్న భీముడి దగ్గరికి. అర్జునుడు అదే నగరులో బృహన్నలగా నాట్యం నేర్పుతున్నాడు. ఆయన దగ్గరికి పోలేదు. ఎందుకో వ్యాసుడూ తిక్కనా వాళ్ల కారణాలు వాళ్లు చెప్పారు. ఆట ఆడేదానిగా నాకు కనిపించేది వేరు. అజ్ఞాతవాసంలో గాండీవం చెట్టు మీద ఉంది. బాణం మోగితే గుట్టు బయటపడుతుంది. ఆ పని చప్పుడు లేకుండా, చీకట్లో, ఉత్త చేతులతో, ఊపిరి తగిలేంత దగ్గరలో జరగాలి. పైగా ఆ దుఃఖం వినడానికి కూడా అంత దగ్గరకి రాగల మనిషి కావాలి. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ సినిమాలో కీచకుడు ఎస్.వి. రంగారావు, భీముడు దండమూడి రాజగోపాల్. రాజగోపాల్ నిజంగానే బరువులెత్తిన పహిల్వాను. అందుకే ఆ చీకటి పోరులో ఇద్దరి బరువూ తెలుస్తుంది. పక్కన ఎంత మంచి బాణాల యుద్ధం పెట్టినా అంత భయం కలగదు.

కురుక్షేత్రం మాత్రం ఎలా తేలింది? అన్ని రోజులు అస్త్రాలు కురిశాక, చివరి మాట భీముడూ దుర్యోధనుడూ పట్టిన రెండు గదలది. అభిమన్యుడి సంగతి చూసినా అంతే. విల్లు విరిచేశారు, కత్తి పట్టాడు. కత్తి పోయింది, రథచక్రం ఎత్తాడు. అదీ పోయాక గద పట్టి ఒంటికి ఒళ్లుగా పోరాడి పోయాడు. దూరం ఎవరికైనా అరువు సొత్తే, ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది.

దగ్గరికి వెళ్లడం అంటే ముందూ వెనకా చూడకుండా దూకడమని నేననడం లేదు. ఈ ఆటలో అందరికీ తెలిసిన పేరు లీరాయ్ జెంకిన్స్. 2005 నాటి వీడియో అది. జట్టంతా కూర్చుని పథకం వేసుకుంటుంటే, పాలడిన్ క్లాసు ఆడే ఆ లీరాయ్ తన పేరు తానే అరుచుకుంటూ లోపలికి పరుగెత్తాడు, అందరూ చచ్చిపోయారు. ప్రపంచం నవ్వింది. నాకు మాత్రం ఆ వెనకే పరుగెత్తిన స్నేహితులు గుర్తుండిపోయారు. ఓడిపోతామని తెలిసీ అతన్ని ఒంటరిగా వదలలేదు. ఉత్తర కుమారుడిది దీనికి సరిగ్గా ఎదురు జబ్బు. అంతఃపురంలో కౌరవులందరినీ ఓడించేశాడు, సైన్యం కనబడగానే రథం దిగి పారిపోయాడు. ఒకడికి దూరం ఎంతో తెలియదు, ఒకడికి దగ్గర అంటే ఏమిటో తెలియదు. మెలీ ఆడితే రెండూ నేర్చుకోక తప్పదు. ఎదట నిలబడి కొడితే శత్రువు దెబ్బ కాచుకుంటాడు, వెనక నిలబడి కొడితే కాచుకోలేడు. అందుకని కత్తి పట్టిన అమ్మాయి ఎక్కడ నిలబడ్డానని ప్రతి క్షణం చూసుకోవాలి. మోల్టెన్ కోర్ గుహలో నలభైమంది కలిసి రాగ్నరోస్ అనే నిప్పుదేవరతో పోరాడేటప్పుడు, దగ్గరున్నవాళ్లని ఆయన విసిరికొడతాడు. చుట్టూ మరిగే లావా. లోపలికీ బయటికీ తాళం తప్పకుండా నడిచినవాళ్లే మిగిలేవాళ్లు.

హీలర్ తీసుకో అని మా పిల్లకి సలహా ఇచ్చినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆడపిల్ల అనగానే ఆ మాట నోటికి దానంతట అదే వచ్చేస్తుంది. నాకూ చెప్పారు. హెడ్‌సెట్‌లో నా గొంతు వినగానే, ట్యాంక్ ఎవరని మళ్లీ అడిగినవాళ్లు ఉన్నారు. కాలిఫోర్నియాలో నిక్ యీ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2011లో ఇదే ఆట మీద ఒక పరిశీలన అచ్చువేశారు. మగవాళ్లు ఆడ పాత్ర ఎత్తుకున్నప్పుడు వైద్యం ఎక్కువ చేస్తున్నారు. ఆడవాళ్లు మగ పాత్ర ఎత్తుకుంటే వైద్యం తగ్గిస్తున్నారు. అంటే వైద్యం ఆడవాళ్ల రక్తంలో ఉన్నది కాదు, వేషంతో పాటు చేతికి వచ్చేది. అదే నిక్ యీ అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్‌సన్‌తో కలిసి చేసిన ప్రయోగం 2007లో వచ్చింది. అందమైన రూపం తొడిగినవాళ్లు ఆ కంప్యూటర్ లోకంలో అపరిచితులకి మరింత దగ్గరగా నడిచారు. పొడవైన రూపం తొడిగినవాళ్లు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు. తొడుక్కున్న ఒళ్లు మన నడకని మార్చేస్తుంది. అలాంటప్పుడు ఇరవై ఏళ్ల అమ్మాయి ముందుగా ఏ ఒళ్లు తొడుక్కోవాలి? ఇంట్లో, ఊళ్లో, పెళ్లిచూపుల్లో, ఆఫీసులో అందరి గాయాలూ మాన్పమని ఎలాగూ అడుగుతారు. కనీసం ఒక్క చోట డాలు పట్టి అందరికన్నా ముందు నిలబడి, ‘నా వెనక ఉండండి’ అనడం అలవాటు చేసుకోనీ.

హీలర్ తక్కువ అని నేననను. నన్ను బతికించినవాళ్లు హీలర్లే. వారియర్ అంత పొగరుగా నిలబడేది వెనక ప్రీస్ట్ చెయ్యి ఉందనే. పరాయి మనిషి చేతిలో ప్రాణం పెట్టడం ఏమిటో నాకు అక్కడే తెలిసింది. ఒకప్పుడు మా జట్టులో ప్రీస్ట్ ఆడేది మిషిగన్‌లో ఉండే పెద్దావిడ, రిటైరైన టీచర్. ఆవిడని నేను ఏనాడూ చూడలేదు. కానీ నా ప్రాణం ఎంత తగ్గితే ఆవిడ మంత్రం పడుతుందో నా ఒంటికి తెలుసు. అది కూడా దగ్గరతనమే. నలభై గజాల అవతల ఉన్నా ఆవిడ కళ్లు నా మీదే ఉండేవి. దూరంగా ఉండి కూడా దగ్గరివాళ్లుగా ఉండొచ్చని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. కాకపోతే అలా ఉండాలంటే ముందున్నవాళ్ల మీంచి చూపు తిప్పకూడదు. ఆ తర్వాత నేను వదినకి చేసే ఫోన్లు మారాయి. అమ్మ ఎలా ఉంది అని అడిగే ముందు, నువ్వెలా ఉన్నావు వదినా అని అడుగుతాను.

మెలీ క్లాసుల్లో మళ్లీ ఏది? ఇక్కడ నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. రోగ్ చాటుగా వెళ్లి కొడతాడు. తెలివిగలవాళ్ల ఆట, కానీ మొదటి పాఠానికి పనికిరాదు. కనిపించకుండా ఉండే వీలున్నప్పుడు నిలబడటం ఎవరూ నేర్చుకోరు. పాలడిన్ మంచివాడు. డాలూ ఉంది, మందూ ఉంది, ప్రాణం మీదికి వస్తే కాసేపు ఎవరూ తాకలేని కవచమూ ఉంది. కొంచెం భయపడే పిల్లలకి అది బాగుంటుంది. 2008లో వచ్చిన డెత్ నైట్ చూడటానికి మహా దర్పంగా ఉంటాడు. అతన్ని ఏకంగా 55వ మెట్టు మీద మొదలుపెట్టనిచ్చారు. అది నాకు నచ్చలేదు. కింది మెట్ల మీద తోడేళ్ల చేతిలో చావని కత్తికి విలువ తెలియదు. మా పిల్ల ఆడేది 2019 ఆగస్టులో మళ్లీ తెచ్చిన పాత ఆట, క్లాసిక్. దాంట్లో వారియర్ మెట్లెక్కడం చాలా నెమ్మది. చేతిలో ఆయుధం పాతబడితే ఒక్క దెబ్బా సరిగ్గా తగలదు. కత్తి తిప్పడం వచ్చినవాళ్లకి గొడ్డలి రాదు, అది వేరుగా నేర్చుకుని వేరుగా సాధన చెయ్యాలి. ఒకేసారి ఇద్దరు శత్రువులు పైబడితే పారిపోవడమే మేలు, పారిపోవడానికీ సరైన దారి లేదు. ఇవన్నీ ఆ పిల్లకి దాచకుండా చెప్పాను. “మరి అంత కష్టమైతే నువ్వెందుకు మార్చుకోలేదు పిన్నీ?” అంది. దూరం నుంచి చూస్తే శత్రువు మీద ప్రాణం లెక్క చూపించే గీత మాత్రమే కనిపిస్తుంది, దగ్గరికెళ్తే మొహం కనిపిస్తుంది అన్నాను. వాడు చెయ్యి ఎత్తే తీరు చూసి దెబ్బ ఎటు పడుతుందో పట్టుకోవచ్చు. ఆ చూపు ఒకసారి అలవాటయ్యాక ముప్పై గజాల అవతల నా మనసు నిలవదు.

మెలీ అందరికీ సరిపడదు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట, శత్రువు కదిలిన సంగతి మనకి తెలిసేసరికి వాడక్కడ ఉండడు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి అన్ని మీటలు అంత వేగంగా నొక్కడం మంచిది కాదు. కొందరికి యుద్ధరంగమంతా ఒక్క చూపులో కనిపించాలి, అలాంటివాళ్లు దూరంగా ఉంటేనే జట్టుకి మేలు. శత్రువు కాళ్ల దగ్గర నిలబడ్డవాళ్లకి శత్రువు తప్ప ఏమీ కనబడదు, అది మెలీకి ఉన్న నిజమైన లోపం. అయినా మొదటి పాత్ర కత్తి పట్టినదే కావాలంటాను. ముందు దెబ్బ తిని, తర్వాత దూరంగా వెళ్లినవాళ్లు ముందున్నవాళ్లని మరిచిపోరు. మొదటినుంచీ దూరంగానే ఉన్నవాళ్లకి ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. నేను చూసిన మంచి మేజ్‌లందరూ ఒకప్పుడు వారియర్ ఆడినవాళ్లే. నిప్పు ఎప్పుడు ఆపాలో వాళ్లకి తెలుసు.

మా పిల్ల వారియర్ తీసుకుంది. మొదటి వారంలోనే స్నేహితులందరికన్నా వెనకబడింది. ఇప్పుడు వాళ్ల జట్టుకి ట్యాంక్ ఆ పిల్లే.

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక మాట. ఇవి పసిపిల్లల ఆటలని మన ఇళ్లలో ఒక అపోహ ఉంది. ఇలాంటి ఆటలు ఆడేవాళ్ల మీద నిక్ యీ ఏళ్ల తరబడి చేసిన సర్వేల్లో సగటు వయసు 26 తేలింది. వారానికి సగటున 22 గంటలు ఆడతారని కూడా తేలింది. అది ఎక్కువే, ఆ దిగులు న్యాయమైనదే. గంటల గురించి తప్పకుండా మాట్లాడండి. కానీ దానికి ముందు ఏ క్లాసు ఆడుతున్నావని అడగండి. పక్కన కుర్చీ వేసుకుని ఒక పోరు చివరిదాకా చూడండి. ట్యాంక్ అని చెబితే, అన్నానికి పిలవగానే లేవలేదని కోప్పడకండి. బాస్ అనే ఆ పెద్ద శత్రువు పడేదాకా ఆగండి. ట్యాంక్ మధ్యలో లేచిపోతే వెనకున్న నలుగురూ చచ్చిపోతారు.